ఎముకలోని కుమ్మరిసారె

పిల్లలూ, మొదట మీకొక చిక్కుప్రశ్న. వానలు మెండుగా కురిసే ఊళ్ళో దోమలున్నాయంటే అందులో వింత లేదు. కాని మా అనంతపురం సీమలో సంవత్సరానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం నుంచి బయలుదేరిన వాన మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. మా వాగులలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఇటువంటి మెట్టసీమలో, నీటిలో పుట్టవలసిన దోమ ఎక్కడ పుడుతున్నది? అది కుట్టేది మన చర్మాన్ని కదా, మరి దెబ్బ ఎముకల లోపల ఎందుకు తగులుతున్నది?

ఈ ప్రశ్నలకు జవాబులు నేను బడిలో పాఠాలు చెప్పిన కాలంలో నేర్చుకోలేదు. ఉద్యోగం నుంచి విరమించుకున్న తరువాత, మా ఇంటి పెరట్లో నేర్చుకున్నాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

తగ్గిపోతున్న అంకెలు

2023 అక్టోబరులో ఒకనాటి సాయంకాలం మా మనవడు బడినుంచి వచ్చి, పుస్తకాల సంచీ గుమ్మం దగ్గరే పడవేసి, చాపమీద పడుకున్నాడు. వాడు అప్పుడు ఐదో తరగతి. ఆట మానిన పిల్లవాణ్ణి చూస్తే పెద్దవాళ్ళకు గుబులు పుడుతుంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతున్నది. "తాతా, కళ్ళ వెనకాల నొప్పిగా ఉంది" అన్నాడు. మర్నాడు ఆస్పత్రికి తీసుకుపోయాము. రక్తం పరీక్ష చేసి, డెంగీ జ్వరమన్నారు.

డాక్టరు చిన్నవయసువాడు, మా జిల్లావాడే. "సార్, రోజూ ఒకసారి రక్తం చూస్తాం. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, తరువాత పెరుగుతాయి. కంగారు పడకండి. నేను చెప్పిన గుర్తులు కనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా సరే తీసుకురండి" అన్నాడు.

మొదటిరోజు పరీక్షలో ప్లేట్‌లెట్లు 1,90,000 ఉన్నాయి. మరి రెండురోజులకు 1,10,000 అయినాయి. ఆ తరువాత 62,000. ఆ మర్నాడు 34,000. ఈ అంకెలను గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాస్తూ వచ్చాను. ఎన్నో ఏళ్ళు పిల్లలకు తీసివేతలు నేర్పినవాణ్ణే, ఒక తీసివేత లెక్కను చూసి అంతగా భయపడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి వాడు నన్ను అడిగాడు: "తాతా, తగ్గిపోయినవి ఎక్కడికి పోతున్నాయి? కొత్తవి ఎందుకు రావటం లేదు?"

ఎంత చక్కని ప్రశ్న! నాకు జవాబు తెలియలేదు. "పడుకో నాయనా, రేపు చెబుతాను" అన్నాను. అటు తరువాత డాక్టరును అడిగి, పుస్తకాలు చదివి నేను తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఒకే మట్టి, ఎన్నో పాత్రలు

కుమ్మరి ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా? ఆయన దగ్గర ఉన్నది ఒకే మట్టిముద్ద. సారెమీద పెట్టి తిప్పుతూ వేలితో ఒకతీరుగా నొక్కితే కడవ అవుతుంది. ఇంకొకతీరుగా నొక్కితే మూకుడు, మరొకతీరుగా నొక్కితే ప్రమిద అవుతుంది. ముద్దగా ఉన్నంతసేపూ అది ఏమైనా కాగలదు. కడవ అయి ఆవంలో కాలిన తరువాత మళ్ళీ ప్రమిద కాలేదు.

మన ఎముకల లోపల ఇటువంటి సారె ఒకటి రాత్రింబగళ్ళు తిరుగుతున్నది. ఎముక గట్టిగా, రాయిలాగా కనిపిస్తుంది గాని లోపల మెత్తని పదార్థం ఉంటుంది. దానినే మూలుగ అంటారు. రక్తకణాలు పుట్టేది ఈ మూలుగలోనే అని 1868లో జర్మనీలో ఎర్నెస్ట్ నాయ్‌మన్, ఇటలీలో బిజోజెరో కనిపెట్టారు. పెద్దవాళ్ళలో నడుము, రొమ్ము, పక్కటెముకలు, వెన్నుపూసలు వంటి ఎముకలలో ఈ పని ఎక్కువగా జరుగుతుంది. చిన్నపిల్లలకు కాళ్ళ చేతుల పొడుగు ఎముకలలో కూడా జరుగుతుంది.

మూలుగలోని మట్టిముద్ద పేరు మూలకణం. ఒక మూలకణం రెండుగా చీలినప్పుడు, అందులో ఒకటి ముద్దగానే మిగిలిపోవచ్చు. రెండోది ఒక దారి పట్టి, మెట్టుమెట్టుగా మారుతూ పోతుంది. ఒక దారిన పోతే ఎర్రకణం అవుతుంది. అది ఊపిరితిత్తులనుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోస్తుంది. ఇంకొక దారిన పోతే తెల్లకణం అవుతుంది; అది రోగక్రిములతో పోరాడుతుంది. మూడో దారిన పోతే ప్లేట్‌లెట్లను తయారుచేసే కణం అవుతుంది. తెలుగు పుస్తకాలలో ప్లేట్‌లెట్లను రక్తఫలకికలు అంటారు. మీ మోకాలు దోక్కుపోయినప్పుడు చిరిగిన రక్తనాళానికి మొదట అడ్డంపడి మూతవేసేవి ఇవే.

ఇన్ని రకాల కణాలకూ మూలం ఒక్కటేనని ఎలా తెలిసింది? 1961లో కెనడాలోని టొరంటో నగరంలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఎక్స్‌రేలవంటి కిరణాలతో మూలుగ పాడైపోయిన ఎలుకలకు, మంచి ఎలుకల మూలుగ కణాలను ఎక్కించారు. పది పన్నెండు రోజులకు ఆ ఎలుకల ప్లీహంలో చిన్నచిన్న బుడిపెలు లేచాయి. ఒక్కొక్క బుడిపెలో పలురకాల రక్తకణాలున్నాయి. ఒక్కొక్క బుడిపె ఒకే ఒక కణంనుంచి పుట్టిందని 1963లో వాళ్ళే రుజువు చేశారు. కడవా, మూకుడూ, ప్రమిదా ఒకే ముద్దనుంచి వచ్చాయన్నమాట!

ఈ సారె వేగం వింటే నోరు తెరుస్తారు. పెద్దవాళ్ళలో రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు, 10,000 కోట్ల ప్లేట్‌లెట్లు తయారవుతాయి. మీరు ఈ వాక్యం చదివేలోగా లక్షల కణాలు పుట్టి రక్తంలో కలిసిపోయి ఉంటాయి.

ప్లేట్‌లెట్ల పుట్టుక మరీ తమాషాగా ఉంటుంది. మూడో దారి పట్టిన కణం చీలకుండా పెరిగి పెరిగి, ఎర్రకణంకంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. దాని అసలు పేరు మెగాకారియోసైట్. మనం మహాకణం అని పిలుచుకుందాం. ఈ మహాకణం మూలుగలోని సన్నని రక్తనాళం గోడ పక్కన కూర్చుని, లోపలికి పొడుగాటి పోగులు చాస్తుంది. ఆ పోగులు తుంపులు తుంపులుగా తెగి రక్తంలో కొట్టుకుపోతాయి. ఆ తుంపులే ప్లేట్‌లెట్లు. ఈ సంగతి 1906లో అమెరికాలో జేమ్స్ హోమర్ రైట్ చెప్పాడు. ఒక్కొక్క మహాకణం వేలకొద్దీ ప్లేట్‌లెట్లను ఇస్తుంది.

సారె దగ్గరికి దొంగ

ఇక డెంగీ వైరస్ సంగతి చూద్దాం. వైరస్ మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించనంత చిన్నది. దానికి సొంత ఇల్లు లేదు, సొంత వంట లేదు. మన కణంలో దూరి, దాని సరుకులతోనే తనవంటివాటిని వందలుగా చేయించుకుంటుంది.

1960లో థాయిలాండులో డెంగీ జ్వరం పెద్దఎత్తున వ్యాపించింది. అప్పుడు కొందరు వైద్యులు రోగుల మూలుగనుంచి రవ్వంత తీసి సూక్ష్మదర్శినితో చూసి, 1964లో ప్రకటించారు. జ్వరం మొదటి రోజులలో మూలుగలో కణాలు పలచబడి ఉన్నాయి. మహాకణాలు తగ్గిపోయి ఉన్నాయి. జ్వరం దిగే రోజులకు మూలుగ మళ్ళీ నిండుకుంటున్నది. అంటే సారె పగిలిపోలేదు. కొన్నాళ్ళు నెమ్మదించింది, అంతే.

ఎందుకు నెమ్మదించింది? కారణాలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. మొదటిది, వైరస్ మూలుగలోని కణాలలోకి కూడా దూరగలదు. ఎదుగుతున్న లేతకణాలలోను, వాటిని పోషించే కణాలలోను, మహాకణాలలోను దూరగలదని ప్రయోగశాలలలో చూశారు.

రెండో కారణం మన ఒంట్లోనే ఉన్నది. వైరస్ దూరిన కణం ఊరుకోదు. చుట్టుపక్కల కణాలకు హెచ్చరిక పంపుతుంది. ఆ హెచ్చరిక మోసే పదార్థాలలో ముఖ్యమైనది ఇంటర్‌ఫెరాన్. దీనిని 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. ఈ హెచ్చరిక మూలుగకు కూడా చేరుతుంది. నిద్రపోతున్న మూలకణాలను ఇంటర్‌ఫెరాన్ లేపుతుందని, ఆ హెచ్చరిక చాలాకాలం ఆగకపోతే మూలకణాలు అలిసిపోతాయని ఎలుకలలో చేసిన ప్రయోగాలు 2009లో చూపించాయి.

దీపావళి ముందు కుమ్మరి ఇంటికి వెళ్ళి చూడండి. ఎటు చూసినా ప్రమిదలే. కడవ కావాలంటే "పండగ కానీండి" అంటాడు. చాలా అంటురోగాలలో మూలుగ పని ఇట్లాగే మారుతుంది. తెల్లకణాలు కావాలని కబురు వచ్చేసరికి మూలకణాలు ఎక్కువగా ఆ దారి పడతాయి. తక్కిన పనులు వెనకబడతాయి. డెంగీలో ఇంకొక వింత కూడా ఉన్నది. మొదటి రోజులలో సారె మొత్తమే మందగిస్తుంది, తెల్లకణాలు కూడా తగ్గుతాయి. చురుకుగా చీలుతున్న కణాలు వైరస్‌కు మంచి మేత కనుక, శరీరం కావాలనే వేగం తగ్గించుకుంటుందేమో అని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. దొంగ ఊళ్ళో తిరుగుతున్నాడని తెలిసి కుమ్మరి పని ఆపి తలుపు గడియ వేసుకున్నట్టు!

మూడో కారణం మూలుగలో లేదు, రక్తంలోనే ఉన్నది. వైరస్‌తో జరిగే పోరాటంలో ఉన్న ప్లేట్‌లెట్లు కూడా త్వరగా ఖర్చయిపోతాయి. రాబడి తగ్గి, ఖర్చు పెరిగితే ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. మా మనవడి ప్రశ్నకు ఇదే జవాబు.

ఒక చిన్న లెక్క

ఇక్కడ మీరు అడగవచ్చు: సారె నెమ్మదిస్తే అన్నీ తగ్గాలి కదా, ఆస్పత్రిలో అందరూ ప్లేట్‌లెట్ల మాటే ఎందుకు మాట్లాడతారు? పలకా బలపం తీసుకోండి.

ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. మూలుగ ఏడురోజులపాటు ఒక్క ఎర్రకణాన్ని కూడా చెయ్యలేదనుకోండి. 120లో 7 వంతులు, అంటే నూటికి ఆరు తగ్గుతాయి. మీకు తెలియనే తెలియదు. ప్లేట్‌లెట్ పది రోజులకు మించి బతకదు. అంటే రోజుకు పదోవంతు రాలిపోతుంది. ఐదు రోజులు పని ఆగితే సగం ఖాళీ! పైగా ఖర్చు పెరిగిన రోజులవి. అందుచేత కొరత మొదట అక్కడ బయటపడుతుంది.

ఈ లెక్క నిజమని చూపించే వైరస్ ఇంకొకటి ఉన్నది. దాని పేరు పార్వోవైరస్ బి19. 1975లో లండనులో యివాన్ కోసార్ట్ అనే ఆమె బృందం కనిపెట్టింది. అది ఎర్రకణాలు కాబోయే లేతకణాలలోనే దూరుతుంది. కొన్నాళ్ళపాటు ఎర్రకణాల తయారీ ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు బుగ్గలు ఎర్రబడి, కాస్త జ్వరం వచ్చి పోతుంది. కాని కొడవలికణ వ్యాధి ఉన్న పిల్లలకు ఎర్రకణాలు పది ఇరవై రోజులే బతుకుతాయి. మన తెలుగు దేశంలో అడవి ప్రాంతాల గిరిజన కుటుంబాలలో ఈ వ్యాధి కనిపిస్తుంది. వాళ్ళకు అదే వైరస్ సోకితే కొద్దిరోజులలోనే రక్తం ప్రమాదకరంగా తగ్గిపోతుంది. ఆగిన పని ఒక్కటే. కణం ఆయుష్షును బట్టి ఫలితం మారిపోయింది.

గండం గడిచే రోజులు

ఇప్పుడు చెప్పేది మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడకూడదు, అంకె బాగున్నదని ధీమాగా ఉండనూ కూడదు. డెంగీలో పెద్ద గండం వేరే ఉన్నది. రక్తనాళాల గోడలు ఊటబావి గోడల్లాగా చెమ్మగిల్లి, రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. చిత్రమేమంటే, ఇది జ్వరం దిగే సమయంలోనే జరుగుతుంది. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. "జ్వరం తగ్గింది, ఇక బాగుంది" అని అందరూ అనుకునే వేళలో కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, ముక్కునుంచిగాని చిగుళ్ళనుంచిగాని రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఒక్కక్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాలి.

డెంగీ వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, విశ్రాంతి, రోజూ పరీక్ష; చాలామంది వీటితోనే కోలుకుంటారు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ మాత్రలు వెయ్యకూడదు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. రక్తం కారుతుంటే తప్ప, లేదా ప్లేట్‌లెట్లు మరీ అడుగంటితే తప్ప, వాటిని ఎక్కించవలసిన అవసరం రాదు. మా బంధువులు కొందరు బొప్పాయి ఆకురసం తెచ్చారు. వాళ్ళది ప్రేమే. కాని ఆకురసాన్ని నమ్ముకుని డాక్టరు దగ్గరికి పోవటం మానితే ప్రాణం మీదికి వస్తుంది.

34,000 రాసిన మర్నాడు నేను పెన్సిలు పట్టుకుని వణుకుతున్నాను. ఆనాటి అంకె 41,000. ఆ పై రోజు 88,000. సారె మళ్ళీ తిరిగింది! "తాతా, ఇది కూడికా?" అన్నాడు వాడు. మా కోడలు చాటుకు పోయి కళ్ళు తుడుచుకున్నది.

జ్వరం తగ్గాక మూలుగకు పని ఎక్కువ. పనికి ముడిసరుకు కావాలి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండి తీరాలి. ఇక్కడ మనవాడొకడిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టక రక్తం క్షీణిస్తుంది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అది ఎందరికో రక్తం పట్టించింది. అది డెంగీకి మందు కాదు సుమా! కాని సారెకు మట్టి వంటిది. అది ఆకుకూరలలో ఉన్నది, పప్పులలో ఉన్నది, మా సీమ చేలల్లో పండే వేరుశనగ కాయలలోనూ ఉన్నది.

దోమ ఇల్లు

ఇక మొదటి చిక్కుప్రశ్న మిగిలింది. వాడు లేచి తిరుగుతున్న రోజున ఇద్దరం పెరట్లోకి వెళ్ళాము. మా వీధి కొళాయికి రోజూ నీళ్ళు రావు. వచ్చినప్పుడు తొట్టి నిండా, డ్రమ్ముల నిండా పట్టుకుంటాము. కరువు తెలిసినవాళ్ళం గనుక చుక్క నీరు పారబొయ్యటానికి మనసొప్పదు. తొట్టి అడుగున పాతనీరు ఉండగానే కొత్తనీరు పడుతూ ఉంటాము. మనవడు టార్చిలైటు వేసి, "తాతా, చూడు" అన్నాడు. నీటిలో సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. దోమ గురించి ఏటేటా నల్లబల్లమీద బొమ్మవేసి పాఠం చెప్పిన హెడ్మాస్టరు ఇంటి తొట్టి అది!

మలేరియాను మోసేది దోమేనని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు. అది అనాఫిలిస్ దోమ, రాత్రిపూట కుడుతుంది. డెంగీని మోసేది ఏడిస్ దోమ. కాళ్ళమీద తెల్లని చారలుంటాయి. ఇది పగటిపూట, ముఖ్యంగా ఉదయమూ సాయంకాలమూ కుడుతుంది. మురికిగుంటలకంటే ఇళ్ళలో నిలవచేసిన నీరంటేనే దీనికి ఇష్టం. అందుచేత వాన లేని సీమలో కూడా ఇది హాయిగా బతుకుతుంది. నీటికి కరువు గనుక మనం నిలవచేస్తాము; నిలవచేస్తాము గనుక దోమకు ఇల్లు దొరుకుతుంది.

ఇంకొక రహస్యం ఉన్నది. ఈ దోమ గుడ్లను నీటిలో కాక, నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు. నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు దోమ కావటానికి ఏడెనిమిది రోజులైనా పడుతుంది. కనుక వారానికి ఒకసారి తొట్టి ఖాళీచేసి, గోడలను పీచుతో గట్టిగా తోమి, ఎండబెడితే దోమ పుట్టనే పుట్టదు. పాతనీటిని పారబొయ్యనక్కరలేదు, చెట్ల మొదట్లో పొయ్యవచ్చు. తిరిగి నింపిన తరువాత గుడ్డకట్టి మూతపెట్టాలి. ఇందుకోసమే మన ఊళ్ళలో శుక్రవారాన్ని డ్రై డే అని పెట్టారు.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా మనవడిది. ప్రతి శుక్రవారం బడినుంచి రాగానే కొబ్బరిపీచు పట్టుకుని తొట్టిలో దిగుతాడు. నేను బయట నిలబడి నీళ్ళు అందిస్తాను. ఏ మూల అయినా మరిచిపోయినట్టు కనిపిస్తే, వాడు నన్నే అడుగుతాడు: "తాతా, ఈ గోడ పోయినవారం తోమావా?"

మీ ఇంటి తొట్టిని ఈ సాయంకాలం ఒక్కసారి టార్చిలైటు వేసి చూడండి.